కార్బొరేటర్ కింద ముక్క, హునర్ మీద మచ్చ



ఈసారి కార్బొరేటర్ గురించి రాస్తున్నాను. నమాజు, నికా, వక్ఫు సంగతులు చదువుదామని వచ్చినవాళ్లు కాస్త సబర్ పట్టండి. ఇది కూడా దీన్ మాటే. మన మొహల్లాల్లో స్పానర్ పట్టుకుంటేనే పొయ్యి వెలిగే ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ముస్లిం కార్మికులు ఎక్కువగా కనిపించే పనుల్లో ఆటోమొబైల్ రిపేరు ఒకటని 2006లో సచార్ కమిటీ రిపోర్టులోనే ఉంది. అంటే గరాజ్ లో జరిగే ధోకా ఎక్కడో ఎవరిదో కాదు, మన దస్తర్‌ఖాన్ మీదికి వచ్చే రొట్టెలోకే వస్తుంది.

నాది గాజువాక ఆటోనగర్‌లో లేత్ పని. ఈమధ్య కుర్రోళ్లు, వాళ్ల వెనకాలే మెకానిక్కులు ఒకే వస్తువు కోయమని నా దగ్గరికి వస్తున్నారు. "చాచా, పది ఎంఎం అల్యూమినియం ముక్క. మధ్యలో పెద్ద హోల్, పక్కన రెండు బోల్టు హోల్స్. కొంచెం పాలిష్ కూడా కొట్టు." దాని పేరు స్పేసర్. కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్యలో పెట్టి బిగిస్తారు. పెడితే పికప్ పెరుగుతుందట, మైలేజీ పెరుగుతుందట, టాప్ స్పీడ్ కూడా పెరుగుతుందట. నా దగ్గర కోయించిన కూలీకి ఎన్నో రెట్లు వేసి కస్టమర్‌కి బిల్లు కొడతారు.

సూటిగా చెబుతున్నాను. ఇలా అమ్మడం ధోకా. స్పేసర్ అనేదే అబద్ధం అనడం లేదు. అందులో ఉన్న నిజం చిటికెడు. ఆ చిటికెడు చూపించి బస్తా అబద్ధం అమ్ముతున్నారు. అమ్మేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు కాబట్టే ఈ కోపం.

ముందు ఆ చిటికెడు నిజం ఏమిటో చెప్పాలి. లేకపోతే "చాచాకి కొత్త విషయాలు తెలియవు" అంటారు.

మొదటిది వేడి. గాజువాక జంక్షన్‌లో మే నెల మధ్యాహ్నం, పోర్టు లారీల వెనకాల ఇరుక్కుని బండి ఆపేశారనుకోండి. నడుస్తున్నంతసేపూ కార్బొరేటర్‌లో పెట్రోలు ఆవిరవుతూ ఉంటుంది, ఆ చలవకి అది చల్లగానే ఉంటుంది. ఇంజన్ ఆపగానే హెడ్‌లో ఉన్న వేడి మెల్లగా కార్బొరేటర్‌లోకి పాకుతుంది. కింద బౌల్లో ఉన్న పెట్రోలు మరుగుతుంది, ఆవిరి పొంగి ఇంజన్‌లోకి పోతుంది. పది నిమిషాల తర్వాత కిక్ కొడితే స్టార్ట్ అవదు. దీనికి మందు వేడిని ఆపే ముక్క. అందుకే కంపెనీ వాళ్లు చాలా బండ్లలో అక్కడ ముందే ఒక ముక్క పెట్టి పంపిస్తారు. నల్లగానో గోధుమరంగులోనో ఉంటుంది. అది బేకలైట్ రకం. మెకానిక్ భాషలో హీట్ ప్యాకింగ్.

ఇప్పుడు తమాషా చూడండి. బేకలైట్‌తో పోలిస్తే అల్యూమినియం వేడిని వందల రెట్లు ఎక్కువ మోస్తుంది. ఇంట్లో కుక్కర్ గిన్నె అల్యూమినియం, పట్టుకునే పిడి బేకలైట్. ఎందుకో మీ అమ్మీని అడగండి, ఏ ఇంజనీరూ అక్కర్లేదు. మరి మన కారిగర్లు ఏం చేస్తున్నారు? కార్బొరేటర్ విప్పినప్పుడు కంపెనీ ఇచ్చిన బేకలైట్ ముక్క పగిలిందనో, అడ్డమనో అవతల పారేసి, దాని జాగాలో మెరిసే అల్యూమినియం ముక్క పెట్టి "పర్ఫార్మెన్స్ పార్ట్" అంటున్నారు. పిడి తీసేసి గిన్నె చేతికిచ్చి, దానికి పైసలు కూడా తీసుకుంటున్నారన్నమాట!

రెండోది దారి పొడవు. గాలి ఇంజన్‌లోకి ఊపిరిలాగా, దెబ్బదెబ్బగా వెళుతుంది. వాల్వు మూసుకున్నప్పుడల్లా ఆ గాలిలో ఒక అల పుట్టి వెనక్కి కొట్టుకుంటుంది. దారి పొడవు సరిగ్గా ఉంటే, ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర ఆ అల తిరిగి వచ్చి ఇంకొంచెం గాలిని లోపలికి తోస్తుంది. పొడవు పెంచితే ఆ మేలు కింది ఆర్‌పీఎం వైపు జరుగుతుంది, తగ్గిస్తే పైకి జరుగుతుంది. సైన్సు నిజమే. కానీ గాలి దారి మొత్తం ఇరవై సెంటీమీటర్లు ఉందనుకుంటే, మీ పది ఎంఎం ముక్క దానికి కలిపేది ఇరవయ్యో వంతు. కింద కాస్త ఇచ్చి పైన కాస్త లాక్కుంటుంది. మీరు కొన్నది బలం కాదు, బలాన్ని ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చడం.

"అమెరికాలో వాడతారు కదా, యూట్యూబ్‌లో చూశాను" అంటారు కుర్రోళ్లు. అవును, వాడతారు. అక్కడి వీ-ఎయిట్ ఇంజన్లలో ఎనిమిది సిలిండర్లకి కలిపి ఒక పెద్ద కార్బొరేటర్, దాని కింద అందరికీ గాలి పంచే ఒక గది ఉంటుంది. స్పేసర్ పెడితే ఆ గది పెద్దదవుతుంది. మధ్యలో అంతా ఖాళీగా ఉండే రకం పై ఆర్‌పీఎంలకి పనికొస్తుంది. నాలుగు హోల్స్ విడివిడిగా ఉండే రకం గాలి వేగాన్ని కాపాడి మధ్య ఆర్‌పీఎంలో సాయం చేస్తుంది. వాళ్లు డైనమోమీటర్ మీద పెట్టి కొలిచి, ఈ ఇంజన్‌కి ఏది సరిపోతుందో చూసుకుని వాడతారు. మన స్ప్లెండర్‌కి ఒకే సిలిండర్, పంచడానికి గదీ లేదు, పంచుకోవడానికి అన్నదమ్ములూ లేరు. ఇంకో సంగతి కూడా చెప్పనా? అదే అమెరికాలో నాస్కార్ రేసుల్లో 1988 నుంచి డేటోనా, టల్లడేగా ట్రాకుల మీద కార్లు మరీ వేగంగా పోతున్నాయని గాలి దారిలో రిస్ట్రిక్టర్ ప్లేటు పెట్టారు. 2019లో దాని బదులు పెట్టిన వస్తువు పేరేమిటో తెలుసా? టేపర్డ్ స్పేసర్. బలం తగ్గించడానికి! స్పేసర్ అన్న పేరులో ఏ బర్కతూ లేదు భాయ్. ఏ హోలు, ఎంత, ఎక్కడ అన్నదాంట్లోనే ఉంది అంతా.

ఇక నష్టం దగ్గరికి వద్దాం. నా అసలు భయం ఇక్కడే.

ముక్క రెండు వైపులా అద్దంలాగా చదునుగా ఉండాలి. ప్యాకింగ్ గానీ ఓ-రింగ్ గానీ సరిగ్గా కూర్చోవాలి. పాత బోల్టులు పొట్టివైపోతాయి కాబట్టి పొడుగు బోల్టులు కావాలి. కార్బొరేటర్ ఒక సెంటీమీటరు వెనక్కి జరుగుతుంది కాబట్టి ఎయిర్ ఫిల్టర్ రబ్బరు మడత పడకుండా చూడాలి, ఏక్సిలేటర్ కేబుల్ లాగినట్టు అవకుండా చూడాలి. ఇవన్నీ చూసేవాళ్లు ఎంతమంది? పొట్టి బోల్టే రెండు మరలు పట్టేలా బిగిస్తే హెడ్‌లో మరలు ఊడిపోతాయి. సందులోంచి గాలి లాగుతుంది. ఆ గాలి కార్బొరేటర్ కొలత దాటి, దొంగదారిన లోపలికి పోతుంది. ఒక వంతు పెట్రోలుకి 14.7 వంతుల గాలి అన్న లెక్క చెడిపోతుంది. మిక్చర్ పల్చబడుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. స్లో ఒకసారి పెరుగుతూ, ఒకసారి పడిపోతూ ఉంటుంది. కుర్రోడు మాత్రం ఆ పెరిగిన స్లో చూసి "బండి ఫ్రీ అయింది చాచా" అని ఖుషీ అవుతాడు.

యమహా ఆర్ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండైతే ఇంకా ఘోరం. 1996లోనే ఆగిపోయిన బండి అది, ఐనా మన కుర్రోళ్లకి అదంటే ఇష్క్. దాంట్లో పిస్టన్‌కి తడి పెట్టే ఆయిలు కూడా పెట్రోలుతో పాటే లోపలికి పోతుంది. దొంగగాలి వచ్చి మిక్చర్ పల్చబడిందంటే ఒకవైపు మంట వేడి పెరుగుతుంది, పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ని పట్టేస్తుంది. కూర్మన్నపాలెం నుంచి గాజువాక వైపు హైవే మీద ఎనభైలో పోతుండగా ఇంజన్ జామ్ అయితే వెనక చక్రం తాళం వేసినట్టు ఆగిపోతుంది. వెనకాల స్టీలు కాయిల్స్ మోసే ట్రైలర్ ఉంటుంది. ఇంతకన్నా చెప్పను. ఇంట్లో అమ్మీలు ఇది చదువుతారు.

దీనికి తోడు పెట్రోలు కూడా మారిపోయింది. 2022కి పది శాతం ఇథనాల్ కలిపారు, ఇప్పుడు ఇరవై శాతం దాకా వచ్చింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది, అంటే పాత జెట్ సైజు మీద నడిచే కార్బొరేటర్ బండి ఇప్పటికే కాస్త పల్చటి మిక్చర్ మీద నడుస్తోంది. పాత రబ్బర్లు, ఓ-రింగులు ఆ ఇథనాల్‌కి గట్టిపడి, పగిలి పాడవుతున్నాయి. ఈ టైములో నిజమైన ఉస్తాద్ చేయాల్సిన పని జెట్ చూడటం, రబ్బర్లు మార్చడం. మనం మాత్రం దొంగగాలికి ఇంకో కిటికీ తెరుస్తున్నాం.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్ల సంగతి సరేసరి. దాదాపు అన్నిట్లో కార్బొరేటరే లేదు. ఎంత పెట్రోలు చల్లాలో సెన్సార్లు చూసి కంప్యూటరు తేలుస్తుంది. వాటికి కూడా "థ్రాటిల్ బాడీ స్పేసర్" అని అమ్మేవాళ్లు ఉన్నారు. దానికి ఏమనాలో నాకు తెలుగులోనూ రావడం లేదు, ఉర్దూలోనూ రావడం లేదు.

"మరి పెట్టించుకున్నాక పికప్ నిజంగానే పెరిగింది కదా?" ఇది అందరూ వేసే సవాలు. జవాబు వినండి. స్పేసర్ పెట్టే రోజు మెకానిక్ ఇంకేం చేశాడు? కార్బొరేటర్ విప్పి కడిగాడు. జెట్లు ఊదాడు. ప్లగ్ మార్చాడు. ఫిల్టరు దులిపాడు. టాపెట్లు సెట్ చేశాడు. గాలి స్క్రూ సరిచేశాడు. బండి బాగుపడింది ఆ మెహనత్ వల్ల. పేరు మాత్రం ముక్క కొట్టేసింది! నమ్మకపోతే ఒక పని చేయండి. ముక్క తీసేసి, మిగతావన్నీ అలాగే ఉంచి నడపండి. ఏది పోయిందో, ఏది మిగిలిందో మీకే తెలుస్తుంది. ఏ మెకానిక్కైనా ఈ పరీక్షకి ఒప్పుకోకపోతే అతని నియ్యత్ ఏమిటో అక్కడే అర్థం చేసుకోండి.

ఇక్కడే నేను మెకానిక్కుల తరఫున కూడా ఒక మాట చెప్పాలి, ఇన్సాఫ్ అంటే రెండు వైపులా ఉండాలి. ఉస్తాద్ ప్లగ్ తీసి రంగు చూస్తాడు. తెల్లగా ఉంటే పల్చటి మిక్చర్, మసిగా ఉంటే చిక్కటిది, బిస్కెట్ రంగులో ఉంటే సరైనది. దాన్నిబట్టి జెట్ మారుస్తాడు. ఆ ఐదు నిమిషాల వెనకాల ఇరవై ఏళ్ల ఇల్మ్ ఉంటుంది. దానికి వంద రూపాయలు అడిగితే మనమేమంటాం? "ఐదు నిమిషాల పనికి వందా? లూటీ!" అంటాం. అదే మెరిసే ముక్క చేతికిస్తే వెయ్యి అయినా నోరెత్తం. చేతికి చిక్కే వస్తువుకి ధర ఇస్తాం, కంటికి కనిపించని హునర్‌కి ఇవ్వం. అప్పుడు ఆ మెకానిక్ ఏం నేర్చుకుంటాడు? హునర్ దాచిపెట్టి ముక్కలు అమ్మడం నేర్చుకుంటాడు. ఈ ధోకాలో కస్టమర్‌కి కూడా హిస్సా ఉంది.

అలాగని మెకానిక్‌కి మాఫీ లేదు. "కస్టమర్ అడిగాడు, ఇచ్చాను" అంటారు కొందరు. డాక్టర్ దగ్గర రోగి విషం అడిగితే రాసిస్తాడా? "అందరూ చేస్తున్నారు" అంటారు ఇంకొందరు. ఖబర్‌లో అందరితో కలిపి సవాల్ అడగరు. మదీనా బజారులో రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ధాన్యం కుప్పలో చెయ్యి పెడితే లోపల తడి తగిలిన హదీసు ప్రతి మస్జిద్‌లో వినే ఉంటారు. తడిని పైన, జనానికి కనిపించేలా పెట్టమని చెప్పారు. మన గరాజ్‌కి దాని అర్థం ఒకటే: ఈ ముక్క ఏం చేస్తుందో, ఏం చేయదో బిల్లు రాసేముందు చెప్పాలి. కొలత తగ్గించేవాళ్ల మీద ఖుర్ఆన్‌లో ఒక సూరా పేరే ఉంది, ముతఫ్ఫిఫీన్. తరాజు ఒక్కటే కొలత కాదు. "పది శాతం పికప్" అన్న మాట కూడా కొలతే. దాన్ని ఎవరు కొలిచారు? ఎక్కడ కొలిచారు?

మన పెద్దల సంగతి కూడా చెప్పాలి. కుర్రోడు బండికి ఏదో చేయించాడని తెలియగానే "ఆవారా అయిపోయాడు" అని కేకలు. జుమా బయాన్‌లో బైకుల షౌక్ మీద నసీహత్. ఒక్కరైనా "బేటా, అందులో ఏం పెట్టించావు, ఎందుకు పెట్టించావు" అని అడిగారా? వాట్సాప్‌లో మాత్రం అల్-జజరీ గురించి ఫార్వర్డులు పంపిస్తాం. 1206లో యంత్రాల మీద కితాబ్ రాసిన మన బుజుర్గ్, నీళ్లు తోడే పంపులు చేశాడు, దునియాకి మెకానిక్స్ నేర్పాడు అని ఫఖర్ పడతాం. మంచిదే. కానీ అదే ఇంట్లో కొడుకు మెకానిక్ అవుతానంటే "చదువు రాక గరాజ్‌కి పోయాడు" అని బంధువుల దగ్గర తల దించుకుంటాం. ఎనిమిది వందల ఏళ్ల కిందటి కారిగర్‌కి ఇజ్జత్, ఎదురుగా నూనె చేతులతో నిలబడ్డవాడికి మాత్రం చులకన. అల్-జజరీ తను చేసి చూసినదే రాసినవాడు. ఆయన వారసులమని చెప్పుకునేవాళ్లు చేసి చూడకుండా అమ్మడం ఎక్కడి న్యాయం?

చట్టం సంగతి కూడా చెవిన వేసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో అలాంటి ఒక్కో మార్పుకీ ఓనర్‌కి ఆర్నెల్ల దాకా జైలు గానీ 5,000 రూపాయల జుర్మానా గానీ వేయొచ్చు. స్పేసర్ ఒక్కటే ఎవరికీ కనిపించకపోవచ్చు. కానీ అది ఒంటరిగా రాదు. దాని వెంట కోన్ ఫిల్టరు వస్తుంది, దాని వెంట పగిలిపోయే సౌండు సైలెన్సరు వస్తుంది. ఆ సైలెన్సరు ఏదో ఒకరోజు రోడ్ రోలర్ కింద పడుతుంది. ఓనర్ ఫైన్ కడతాడు, అమ్మినవాడు ఇంకో కుర్రోడికి ఇంకోటి అమ్ముతాడు. పేపర్లో పేరు పడితే మాత్రం మొహల్లా మొత్తానికి బద్‌నామ్.

ఇంతా తిట్టాక మరి ఏం చేయాలో కూడా చెప్పాలి.

ఉస్తాద్‌లకి: మీ రేటు ముక్కలో దాచకండి. "ట్యూనింగ్ మజూరీ ఇంత" అని గోడ మీద బోర్డు రాయండి. మొదట్లో ఇద్దరు వెళ్లిపోతారు, తర్వాత నలుగురు వస్తారు, ఇన్షాఅల్లాహ్. వేడికి స్టార్ట్ అవని బండి వస్తే కంపెనీ బేకలైట్ ప్యాకింగే వేయండి, పగిలితే కొత్తది తెప్పించండి. నా దగ్గరికి వస్తే ఫినోలిక్ షీటు కోసి ఇస్తాను, అల్యూమినియంది కోయను. రిజక్ ఇచ్చేవాడు అల్లాహ్. బిగించాక ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా ఆగి, బోల్టులు మళ్లీ ఒకసారి సమంగా బిగించండి. స్లో ఆగకుండా ఊగుతుంటే స్క్రూ తిప్పి దాచకండి, గాలి ఎక్కడ లాగుతుందో వెతకండి.

ఇంకో మాట. కార్బొరేటర్ పోతోంది. ఈరోజు ప్లగ్ రంగు చదివే కన్ను రేపు స్కానర్ తెర చదవాలి. ఐటీఐలో మోటార్ మెకానిక్ కోర్సు రెండేళ్లే. చేతిలో పని ఉండి కాగితం లేని ఉస్తాద్‌లకి, ఉన్న అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కూడా ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద వచ్చింది. షాగిర్ద్‌ని పొద్దస్తమానం చాయ్‌కి, సిగరెట్టుకి తిప్పకండి. వాడి చేతికి మల్టీమీటర్ ఇవ్వండి. వాడికి రేపటి ఇల్మ్ ఇవ్వకపోతే వాడు రేపు అమ్మేది కూడా ముక్కలే.

తల్లిదండ్రులకి: కొడుకు బండి సర్వీసింగ్‌కి పంపినప్పుడు మజూరీ బేరం ఆడకండి. బిల్లులో ఏ పార్టు పడిందో, పాత పార్టు ఎక్కడుందో మాత్రం గట్టిగా అడగండి. పాత ముక్క తిరిగి ఇవ్వడం మెకానిక్ మీద అమానత్. అది అడిగే ఇంట్లో ధోకా తొందరగా అడుగుపెట్టదు.

కుర్రోళ్లకి: బండి మీద ప్రేమ తప్పు కాదు బేటా. షౌక్ ఉంటే గరాజ్‌లో ఒక ఆదివారం కూర్చోండి, కార్బొరేటర్ మీ చేత్తో విప్పండి, ఫ్లోట్ ఏమిటో, పైలట్ జెట్ ఏమిటో, మెయిన్ జెట్ ఏమిటో చూడండి. నా లేత్ దగ్గరికి రండి, ఒక ముక్క ఎంత చదునుగా ఉండాలో గాజుపలక మీద రుద్ది చూపిస్తాను. చాయ్ నా ఖర్చు. ఆ తర్వాత కూడా స్పేసర్ కావాలనిపిస్తే, ఎందుకు కావాలో నాలుగు మాటల్లో చెప్పండి. చెప్పగలిగితే కోసిస్తాను. ఇప్పటిదాకా అడిగినవాళ్లలో ఎవరూ చెప్పలేదు.

ఈ రాతకి కోపం వచ్చేవాళ్లు ఆటోనగర్‌లోనే చాలామంది ఉంటారని నాకు తెలుసు. అందులో నాతో రోజూ చాయ్ తాగేవాళ్లూ ఉన్నారు. వాళ్లు వచ్చి తిట్టొచ్చు, తప్పు ఉంటే లెక్కతో చూపించొచ్చు. ఒకే బండి, ఒకే రోడ్డు, ఒకే లీటరు పెట్రోలు. ముక్కతో ఒకసారి, ముక్క లేకుండా ఒకసారి. ఎవరు ముందుకొచ్చినా పెట్రోలు ఖర్చు నాది.

వస్సలామ్.